1932 ఫోర్డ్ కూపే, 1/25 నమూనా: ఫ్లాట్‌హెడ్ ఇంజిన్ వైరింగ్, నల్లరంగు, పైకప్పు దించడం గురించి సలహా కావాలి

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం.

నా బల్ల మీద 1932 ఫోర్డ్ మూడు కిటికీల కూపే కిట్ ఉంది, 1/25 కొలత. మడ్‌గార్డులు వదిలేసి, బాడీని ఫ్రేము పైనే ఉంచి, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు కట్టుకున్న హాట్ రాడ్‌లా (వేగం కోసం మార్చుకున్న పాత కారులా) దాన్ని తీర్చాలని కోరిక. కిట్‌లో వచ్చిన షెవర్లే వి-8ను పక్కన పెట్టేశాను. రెవెల్ వారి 1948 ఫోర్డ్ కిట్‌లోని ఫ్లాట్‌హెడ్ (వాల్వులు బ్లాకులోనే ఉండే పాత ఫోర్డ్ వి-8) ఇంజిన్‌ను అందరూ మెచ్చుకుంటారు కదా, దాన్ని తీసుకున్నాను. బ్లాకు, హెడ్లు, గేర్‌బాక్సు అతికించడం అయింది.

ఇప్పుడు వైర్ల దగ్గర ఆగాను. ఇంటర్నెట్‌లో కనిపించే చాలా నమూనాల్లో ఎనిమిది వైర్లు నల్లగా, లావుగా బయలుదేరి హెడ్ల మీద వాలిపోతున్నాయి. చూడగానే బొమ్మ అని తెలిసిపోతోంది. అసలు ఇంజిన్‌లో అవి ఏ దారిన వెళ్తాయి? ఎంత సన్నని తీగ వాడాలి? విదేశాల నుంచి తెప్పించుకోకుండా ఇక్కడే దొరికేది ఏదైనా ఉందా?

రెండోది రంగు. నిగనిగలాడే నలుపు వేయాలి. ముందుగా ప్లాస్టిక్ చెంచాల మీద స్ప్రే చేసి చూస్తున్నాను. లక్కర్ డబ్బాతో కొట్టినప్పుడల్లా ఆరేలోపే తెల్లటి పొర కమ్ముతోంది. మా ఇల్లు బీచ్‌కి దగ్గర. ఈ పరిస్థితిలో బాడీ మీద వేయడానికి చెయ్యి రావడం లేదు.

మూడోది, పైకప్పును మూడు అంగుళాలు దించాలని ఉంది. ఈ కొలతలో అది చేయదగిన పనేనా?

గ్లాస్‌కోటు (హైదరాబాద్)

రంగు సంగతి నేను చెబుతాను. ఆ తెల్లపొర డబ్బాలోని లోపం కాదు, విశాఖ గాలిలోని తేమ. లక్కర్‌లోని ద్రావకం చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆ వేగానికి రంగు ఉపరితలం చల్లబడి, చుట్టూ ఉన్న తేమ సన్నని బిందువులుగా దాని మీద దిగుతుంది. రంగు ఆరేటప్పుడు ఆ తేమ అందులోనే చిక్కుకుంటుంది. తెలుపు, పసుపు మీద అంతగా కనిపించదు గానీ నలుపు మీద దాచడం కష్టం.

వానాకాలంలో బాడీ ముట్టుకోకండి. చిన్న భాగాలు, ఇంజిన్ పని పెట్టుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, పొడిగాలి వీచే రోజు చూసి, ఎండ ఎక్కిన తర్వాత కొట్టండి. పొద్దున్నే, చీకటి పడ్డాక వద్దు. గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనుక్కోండి; అది అరవై అయిదు శాతం దాటితే నేను డబ్బా ముట్టను. కొట్టే ముందు డబ్బాను గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే రంగు సన్నగా, సమంగా పడుతుంది. గోరువెచ్చని అంటే చెయ్యి హాయిగా పెట్టగలిగినంత, అంతకు మించి వద్దు. స్టవ్ దగ్గరకు అసలు తీసుకెళ్లకండి.

ఎయిర్‌బ్రష్ ఉంటే పని ఇంకా సులువు. మెల్లగా ఆరే రిటార్డర్ థిన్నర్ కొంచెం కలిపితే తేమ బయటికి పోవడానికి వ్యవధి దొరుకుతుంది. తెల్లపొర వచ్చేసిన చెంచా మీద వట్టి రిటార్డర్‌ను పలుచగా కొట్టి చూడండి, చాలాసార్లు నలుపు తిరిగి తేలుతుంది.

మరొక్క మాట. కార్లకు రంగులు వేసే షెడ్లలో దొరికే ఎన్‌సీ థిన్నర్ చవక కదా అని నేరుగా ప్లాస్టిక్ మీదకు తీసుకురావద్దు. కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరిన్‌ను అది తినేస్తుంది, బాడీ మీద సన్నని బీటలు పడతాయి. ముందు ప్రైమర్ రెండు మూడు పలుచని పూతలు పడి, పూర్తిగా ఆరి ఉండాలి. ఎనామెల్ మీద లక్కర్ వేస్తే ముడతలు లేస్తాయి. లక్కర్ మీద ఎనామెల్ వేయవచ్చు. ఏది వేసినా రసాయనాల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు తప్పనిసరి. గుడ్డ మాస్కు దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు.

రాగితీగ (కోయంబత్తూరు)

తీగ గురించి. మీ ఊళ్లో మోటారు వైండింగ్ షాపుకి వెళ్లి 32 గేజి వైండింగ్ వైరు కొద్దిగా ఇమ్మనండి. తూకానికి అమ్ముతారు, మీకు కావలసినది గుప్పెడు కూడా ఉండదు. దాని మందం 0.27 మి.మీ. అసలు ప్లగ్గు వైరు 7 మి.మీ. అనుకుంటే 25తో భాగించండి, 0.28 వస్తుంది. 8 మి.మీ. వైరు కావాలంటే 30 గేజి అడగండి, అది 0.315. రాగి కాబట్టి వంచిన చోట వంగి నిలబడుతుంది. ప్లాస్టిక్ వైరులా వెనక్కి లేవదు.

ఉప్పుకాగితం (పొమోనా దగ్గర, కాలిఫోర్నియా)

సాగరతీరం గారూ, నమస్కారం. మాది తెనాలి, చాలా ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. పొమోనాలోని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) మోటార్‌స్పోర్ట్స్ మ్యూజియంలో పాత రాడ్‌ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని అడుగుభాగం చూడటం నాకు అలవాటు. మీరు ఎంచుకున్న కారు నాకు ప్రాణం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

వైర్ల కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మీ కారు ఏ సంవత్సరంలో ఉంది? ఫోర్డ్ కర్మాగారం నుంచి 1932లో వచ్చింది, సరే. దాన్ని ఒక కుర్రాడు రాడ్‌గా మార్చి రోడ్డెక్కించిన సంవత్సరం ఏది? "యుద్ధం తర్వాత" అంటే చాలదు. 1946లో పాత సామాన్ల యార్డులో దొరికినవి వేరు, 1956లో దొరికినవి వేరు. ఒక సంవత్సరం ఖాయం చేసి, ఆ ఏడాది డిసెంబరు 31 తర్వాత పుట్టిన వస్తువు ఒక్కటి కూడా కారులోకి రానివ్వకండి. వైరు మందం కంటే, రంగు మెరుపు కంటే నమూనాకు నిజం తెచ్చేది ఇదేనని నా గట్టి నమ్మకం. ఎంతో నైపుణ్యంతో చేసిన నమూనాలు నేను చూశాను: ఫ్లాట్‌హెడ్ ఇంజిన్, దాని పక్కన 1960ల నాటి ఐదు కమ్మీల మాగ్ (తేలికలోహపు) చక్రాలు, రేడియల్ టైర్లు, సీటు బెల్టులు. పనితనం అంతా ఉంది, కానీ ఆ కారుకు పుట్టినతేదీ లేదు.

మీకు నేను 1948 సూచిస్తాను. మీరు తీసుకున్న ఇంజిన్ 1946 నుంచి 1948 వరకు ఫోర్డ్ కార్లలో వచ్చినది: 239 ఘనపు అంగుళాలు, 100 హార్స్‌పవర్. 1932లో వచ్చిన తొలి ఫోర్డ్ వి-8 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవరే. ప్రమాదంలో నుజ్జయిన కొత్త కారు ఇంజిన్‌ను తెచ్చి పాత తేలికైన బాడీలో పెట్టుకోవడమే అప్పటి కుర్రాళ్ల కిటుకు. ఇంకో కారణం, రాబర్ట్ పీటర్సన్ హాట్ రాడ్‌ల కోసం పత్రిక మొదలుపెట్టింది 1948 జనవరిలోనే. ఆ ఏడాది నుంచి చూసి చేసుకోవడానికి ఫొటోలకు కొదవ లేదు.

1948 అనుకున్నాక మిగతావన్నీ వాటంతటవే తేలతాయి. షెవర్లే చిన్న వి-8 వచ్చింది 1955 మోడల్ కార్లతో, కాబట్టి దాన్ని పక్కన పెట్టి మంచి పని చేశారు. ఫోర్డ్‌కు హైడ్రాలిక్ బ్రేకులు 1939లో వచ్చాయి, వాటిని తెచ్చి బిగించుకునేవారు. అంటే ముందు చక్రాల వెనక సన్నని బ్రేకు గొట్టం కనిపించాలి. చక్రాలు 16 అంగుళాల ఉక్కువి, మాగ్ వద్దు. టైర్లు ముందు చిన్నవి, వెనక పెద్దవి: 5.50-16, 7.00-16 అనుకుంటే మీ కొలతలో ఎత్తు సుమారు 27, 31 మి.మీ. కిట్‌లోని టైర్లను స్కేలుతో కొలిచి చూడండి. వెనక దీపాలకు 1939 ఫోర్డ్ నీటిచుక్క ఆకారపు దీపాలు, స్టీరింగుకు 1940 ఫోర్డ్ చక్రం ఆనాటివారి ఇష్టాలు. బ్యాటరీ 6 వోల్టులది. ఫోర్డ్ 12 వోల్టులకు మారింది 1956లో. 6 వోల్టుల కేబుళ్లు లావుగా ఉంటాయి, నెట్‌వర్క్ కేబుల్‌లోని 0.5 మి.మీ. రాగి తీగ అక్కడ సరిగ్గా సరిపోతుంది.

ఇక మీ వైర్లు. మీరు చూసిన ఫొటోల్లో చాలావాటికి షెవర్లే పద్ధతి పట్టేసి ఉంటుంది, ఎందుకంటే అందులో డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటుంది. ఈ ఫ్లాట్‌హెడ్‌లో అది ఇంజిన్ ముందు భాగంలో, క్రిందుగా, నేరుగా క్యామ్‌షాఫ్ట్ కొస మీద కూర్చుంటుంది. 1940ల నాటి మూతను ఇక్కడివాళ్లు పీత అంటారు, రెండు పక్కలకూ వైర్లు అలా బయటికి వస్తాయి. నాలుగు కుడి హెడ్డుకి, నాలుగు ఎడమ హెడ్డుకి. ఒకటి నుంచి నాలుగు వరకు సిలిండర్లు కుడివైపు (డ్రైవరు సీట్లో కూర్చుంటే కుడి), ఐదు నుంచి ఎనిమిది ఎడమవైపు. రగిలే వరస 1-5-4-8-6-3-7-2. వాల్వులు బ్లాకులోనే ఉంటాయి కాబట్టి హెడ్డు చదునైన మూత మాత్రమే, స్పార్క్ ప్లగ్గులు దాని పైన నిలబడి ఉంటాయి. కర్మాగారం నుంచి వచ్చిన ఇంజిన్‌లో ఆ నాలుగేసి వైర్లూ హెడ్డు పొడవునా ఒక లోహపు గొట్టంలోంచి నడిచి, ఒక్కో ప్లగ్గు దగ్గర ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. మీకు కలిసొచ్చేది ఈ గొట్టమే.

మందుల షాపులో 18 గేజి ఇంజెక్షన్ సూది కొత్తది కొనండి. బయటి వ్యాసం 1.27 మి.మీ., లోపల 0.84. రాగితీగ గారు చెప్పిన 32 గేజి తీగలు నాలుగు అందులో సులువుగా దూరతాయి. మొన ముందే ఆకురాయితో అరగదీసేయండి. గొట్టం పక్కన ప్లగ్గుల ఎదురుగా సన్నని ఆకురాయితో గాట్లు పెడితే, అక్కడి నుంచి తీగ బయటికి లాగవచ్చు. డిస్ట్రిబ్యూటర్ మూతలో రంధ్రాలకు ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 0.3 మి.మీ. పీసీబీ డ్రిల్లు బిట్లు చాలు. అవి కార్బైడ్‌వి, చెయ్యి కాస్త ఒరిగినా పుటుక్కున విరుగుతాయి. చేతి డ్రిల్లును నిలువుగా పట్టి, వేళ్లతో మెల్లగా తిప్పండి. వైండింగ్ వైరు ఎర్రగా మెరుస్తుంది. ప్రైమర్ ముద్ద కట్టకుండా ఒక పూత పూసి, మెరుపులేని నలుపు వేయండి. అప్పటి వైర్లకు గుడ్డ అల్లిక ఉండేది, ప్లాస్టిక్ నిగనిగ ఉండకూడదు.

ఎగ్జాస్టు కూడా చూసుకోండి. సిలిండర్లు పక్కకు నాలుగు ఉన్నా బయటి రంధ్రాలు మూడే. మధ్య రెండు సిలిండర్లు ఒకే దారి పంచుకుంటాయి, ఆ దారి బ్లాకు లోపలి నుంచే పక్కకు వస్తుంది. హెడర్‌కు (పొగగొట్టాల గుత్తికి) నాలుగు గొట్టాలు అతికించిన ఫ్లాట్‌హెడ్ నమూనా కనబడితే నా మనసు కలుక్కుమంటుంది. ఆ వేడి అంతా బ్లాకులో తిరగడం వల్ల ఈ ఇంజిన్లు మహా వేడెక్కేవి. అందుకే నీటి పంపులు రెండు, రేడియేటరుకు పైన రెండు గొట్టాలు, కింద రెండు. కిట్లలో తరచు పైన ఒక్కటే ఇచ్చి సరిపెడతారు. అసలు గొట్టం సుమారు ఒకటిముప్పావు అంగుళం, మీకు 1.8 మి.మీ. సోల్డరింగ్ తీగ మీద హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, వంపు తిప్పి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే పాత రబ్బరు గొట్టమే దిగుతుంది. రంగు కూడా అక్కర్లేదు.

చివరగా రేడియేటర్ షెల్లు. కిట్‌లో క్రోమ్ వేసి ఇస్తే దాన్ని బట్టల బ్లీచులో ముంచండి, పైన ఉన్న అల్యూమినియం పొర పోతుంది. పైన మూత రంధ్రం పూడ్చి, నునుపు చేసి, బాడీ రంగే వేయండి. ఆ కుర్రాళ్లు సరిగ్గా అలాగే చేసేవారు. నలుపు ఎంచుకున్నందుకు సంతోషం. డోన్ స్పెన్సర్ గారి నల్ల 1932 రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేని కారు) ఫొటోలు వెతికి చూడండి. 1997లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పాత కార్ల ప్రదర్శనలో తొలిసారి హాట్ రాడ్‌లకు ఒక విభాగం పెడితే అందులో గెలిచింది ఆ కారే. నలుపు ఎంత ఉండాలో, మెరిసే లోహం ఎంత తక్కువ ఉండాలో దాన్ని చూస్తే తెలుస్తుంది.

సాగరతీరం

ఉప్పుకాగితం గారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. 1948 ఖాయం. గ్లాస్‌కోటు గారి మాట ప్రకారం బాడీ రంగు చలికాలానికి వాయిదా వేశాను. అప్పటిదాకా ఇంజిన్, పైకప్పు. అయితే కూపేను దించడం 1948కి సరిపోతుందా? ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీసిన ఫొటోల్లో నాకు ఎక్కువగా రోడ్‌స్టర్లే కనిపిస్తున్నాయి.

గ్లాస్‌కోటు

నా ఓటు దించకుండా ఉంచడానికే. మూడు కిటికీల కూపే పైకప్పు గీత ఫోర్డ్ గీసిన గీతల్లోకెల్లా అందమైనది. కోశాక మళ్లీ పాత ఆకారం రాదు. పైగా ఆ అతుకుల మీద నలుపు వేస్తున్నారు, నలుపు ప్రతి గుంటనూ చూపిస్తుంది.

ఉప్పుకాగితం

గ్లాస్‌కోటు గారి భయం సమంజసమే, ఆ గీత నాకూ ఇష్టం. అయినా నేను దించమనే చెబుతాను, కారణం చరిత్రలోనే ఉంది. 1937లో ఏర్పడిన ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) అనే పందేల సంఘం ఆ రోజుల్లో రోడ్‌స్టర్లకే తలుపు తీసేది. కూపేలు ఉన్నవాళ్లు ఎల్ మిరాజ్ సరస్సు మీద రసెటా అనే మరో సంఘం పోటీల్లో దిగేవారు. గాలిని చీల్చాలంటే కూపేకు పైకప్పే అడ్డం, అందుకే దించేవారు. మీ కారు 1948 నాటి రసెటా కారు. మూడు అంగుళాలు దించిన కప్పు దానికి అలంకారం కాదు, అవసరం.

మీ కొలతలో మూడు అంగుళాలంటే 3.05 మి.మీ. 3 మి.మీ. వెడల్పు మాస్కింగ్ టేపు దొరుకుతుంది. దాన్ని కిటికీల స్తంభాల చుట్టూ ఒకే ఎత్తులో, బాడీ నడుముగీతకు సమాంతరంగా చుట్టండి. టేపు పై అంచున ఒక కోత, కింది అంచున ఒక కోత, సన్నని రంపంతో. మధ్య ముక్కలు పోతాయి, కొలత తప్పదు. వెనక కిటికీ పక్కనా అదే ఎత్తులో కోయాలి, దాని ఎత్తు కూడా అంతే తగ్గుతుంది. కప్పు దించి పెట్టగానే ముందు స్తంభాలు కలవవు, ఎందుకంటే అద్దం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. కప్పును సాగదీయకండి. ముందు స్తంభాల మొదట్లో లోపలివైపు సన్నని గాటు పెట్టి, మెల్లగా వెనక్కి వంచి కలపండి. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే ద్రవంతోనే అతకండి, బాగా గట్టిపడేదాకా వదిలేయండి. ఆ తర్వాతే పుట్టీ, వాటర్ పేపరు. తొందరపడి రుద్దితే నెలల తర్వాత అతుకు కుంగి నల్లరంగులో గీతగా తేలుతుంది. గ్లాస్‌కోటు గారు భయపడుతున్నది దానికే.

ఈ కూపే తలుపులు వెనక నుంచి తెరుచుకునేవి కావు, ముందు నుంచి తెరుచుకుంటాయి. కీలులు వెనకవైపు, పిడి ముందువైపు. పుట్టీ పనిలో పిడి గుర్తు చెరిగితే తిరిగి అతికించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ప్రైమర్‌కు ముందు తలుపుల సందులను దబ్బనం మొనతో ఇంకొంచెం లోతు చేయండి. నమూనా మీద పదో వంతు మిల్లీమీటరు రంగు పడితే అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్లు పోసినట్లు, సందులన్నీ పూడుకుపోతాయి.

కిట్‌లోని అద్దం ఇక పట్టదు. ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) కత్తిరించి ఫెవికాల్‌తో అతికించండి. ఇన్‌స్టంట్ జిగురు అద్దం దరిదాపులకు తేవద్దు, దాని ఆవిరికి తెల్లగా మసకబారుతుంది.

సాగరతీరం

సూదులు, తీగ, హీట్ ష్రింక్ తెచ్చాను. పైన రెండు, కింద రెండు గొట్టాలు అమరాయి. వాటికి బిగించే క్లిప్పులు ఎలా చేయాలి? పీఈ (ఫొటో ఎచింగ్‌తో చేసిన సన్నని లోహపు భాగాల) షీట్లు నా దగ్గర లేవు.

ఉప్పుకాగితం

శీతలపానీయం అల్యూమినియం డబ్బా కోసి, లోపలి పూతను గీకేయండి. అసలు క్లిప్పు వెడల్పు సుమారు అర అంగుళం, అంటే మీకు అర మిల్లీమీటరు. ఉక్కు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో పట్టీలు కోసి, ఒక్కో గొట్టం కొసకు ఒక చుట్టు చుట్టి, అతుకు కనబడకుండా కిందికి తిప్పండి. బిగింపు స్క్రూకి 30 గేజి తీగ ముక్క ఒక మిల్లీమీటరు అడ్డంగా అతికిస్తే సరి. నాలుగు గొట్టాలకు ఎనిమిది క్లిప్పులు కావాలి, పది పన్నెండు కోసి ఉంచుకోండి, పట్టుకారు నుంచి జారితే నేల మీద దొరకవు.